ఊరికి కట్టిన ద్వారబంధం: ఎరూవ్ ఎలా నిలుస్తుంది, ఎక్కడ చెడుతుంది

న్యూజెర్సీలోని ఎడిసన్, హైలాండ్ పార్క్ వీధుల్లో సాయంత్రం నడకకు వెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఆ దారిలో కొన్ని కరెంటు స్తంభాలకు నేల దగ్గర్నుంచి నిలువుగా బిగించిన సన్నటి ప్లాస్టిక్ పట్టీ కనబడుతుంది. ఎర్తింగు తీగ మీది తొడుగు అనుకుని దాటిపోతారు. కొన్ని నిజంగా తొడుగులే. కొన్నిటి లోపల మాత్రం ఏ తీగా ఉండదు. ఆ పట్టీ ఒక గుమ్మానికి నిలువుకమ్మి, పైన పోతున్న తీగ ఆ గుమ్మానికి పైకమ్మి. అలాంటి గుమ్మాలు వరసగా నిలబెట్టి పేటను చుట్టేస్తే, యూదు ధర్మం లెక్కలో ఆ పేట మొత్తం ఒకే ఇంటి వాకిలి అవుతుంది. ఈ చుట్టునే ఎరూవ్ అంటారు. అమెరికాలో, కెనడాలో, ఇంగ్లండులో ఆచారం పాటించే యూదు కుటుంబాలు ఇల్లు కొనేముందు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: ఇల్లు ఎరూవ్ లోపల ఉందా, బయట ఉందా?

షబ్బాత్ అంటే యూదుల విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు. ఆ వేళలో చేయకూడని పనులు 39 అని యూదు ధర్మనియమాల ప్రాచీన సంకలనం మిష్నా లెక్కపెట్టింది. ఆ జాబితాలో చిట్టచివరిది, ఇంటి నుంచి వీధికీ వీధి నుంచి ఇంట్లోకీ వస్తువును చేరవేయడం. వీధిలో నాలుగు మూరల దూరం మోయడం కూడా దీనికిందికే వస్తుంది. విశ్రాంతి దినాన బరువులు మోస్తూ యెరూషలేము గుమ్మాల గుండా రావద్దని యిర్మీయా ప్రవక్త హెచ్చరించిన మాట తెలుగు బైబిలు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ బరువంటే మూటే కానక్కర్లేదు. జేబులో చేతిరుమాలు బరువే. ఇంటి తాళంచెవి బరువే. ఇంకా నడక రాని బిడ్డను ఎత్తుకోవడమూ అంతే. ఒకే ఇంటి వాకిలి లోపలైతే మాత్రం మోయొచ్చు, పేటను ఒక్క వాకిలి చేసేది అందుకే.

దీని భారం అందరి మీదా సమానంగా పడదు. గట్టి కాళ్లున్న మగవాడు చేతులూపుకుంటూ ప్రార్థనాలయానికి వెళ్లి రాగలడు. పసిపిల్లల తల్లి వెళ్లలేదు. బండిలో పెట్టి తోయకూడదు, చంకనెత్తుకోకూడదు, ఇంట్లో ఒంటరిగా వదలకూడదు. ముగ్గురు పిల్లలు వరసగా పుట్టిన ఇంట్లో ఆమె ఏళ్ల తరబడి ప్రతి శనివారం నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. చక్రాల కుర్చీని మరొకరు తోస్తే తప్ప కదల్లేనివాళ్ల పరిస్థితీ ఇదే. ఎరూవ్ గురించిన ఏ చర్చనైనా వీళ్ల దగ్గర మొదలుపెట్టాలి. తీగను చూసి ఇదేం తంతు అనేవాళ్లకు, ఆ తీగ వల్ల శనివారం పూట గడప దాటేది ఎవరో తెలియదు.

దొడ్డిదారి కాదు

దేవుణ్ణి మభ్యపెట్టడానికి ఒక తీగ కట్టుకున్నారని బయటివాళ్లే కాదు, కొందరు యూదులూ అంటుంటారు. నియమం లోపలి అమరిక చూస్తే ఆ మాట నిలవదు.

మిష్నా మీద పండితుల చర్చలు కూర్చిన తల్మూద్ స్థలాలను విభజించింది. గోడలున్న సొంత చోటు ఒకటి. అసలైన బహిరంగ మార్గం మరొకటి. ఇది కనీసం 16 మూరల వెడల్పున్న రాజమార్గం, రోజుకు 6 లక్షల మంది తిరిగేదై ఉండాలని చాలామంది పండితులు చేర్చారు. ఎడారి ప్రయాణంలో ఇశ్రాయేలీయుల పురుషుల లెక్క 6 లక్షలు, ఆ అంకె అక్కణ్ణించే వచ్చింది. ఈ రెంటికీ మధ్యలో మామూలు వీధులు, పొలాలు, ఖాళీ స్థలాలు ఉన్నాయి. వాటికి కర్మెలీత్ అని పేరు. అసలైన బహిరంగ మార్గంలో మోయడం తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, నిషేధించిన పని. కర్మెలీత్‌లో మోయకూడదన్నది తర్వాతి రబ్బీలు, అంటే యూదు ధర్మ పండితులు, పెట్టిన కట్టడి. జనం రెంటికీ తేడా తెలియక తోరా ఆజ్ఞను తప్పుతారేమోనని వేసిన కంచె అది. కంచె వేసినవాళ్లే దానికి గుమ్మం కూడా పెట్టారు. ఆ గుమ్మమే ఎరూవ్.

అందుకే తోరా నిషేధం ఉన్నచోట ఉత్త తీగ చాలదు, రాత్రిళ్లు మూయగలిగే తలుపులు కావాలి. మాన్‌హట్టన్, బ్రూక్లిన్ మీద దశాబ్దాలుగా నలుగుతున్న వివాదమంతా ఈ ఒక్క ముడి దగ్గరే ఉంది. అక్కడి జనసమ్మర్దం 6 లక్షల లెక్కకు వస్తుందా రాదా? ఆ అంకెను ఒక్క వీధికి చూడాలా, ఊరంతటికీ చూడాలా? అసలు ఆ షరతే లేదనేవాళ్ల మాటకు ఎంత బరువివ్వాలి? 20వ శతాబ్దపు అమెరికాలో అందరూ తీర్పులకు ఆశ్రయించిన రబ్బీ మోషె ఫైన్‌స్టైన్ ఈ రెండు చోట్లా ఎరూవ్‌ను ఆమోదించలేదు. ఇప్పుడు మాన్‌హట్టన్‌లో పెద్ద ఎరూవ్ ఉంది, వేలమంది దాన్ని నమ్ముకుంటారు. ఆయన మాట పట్టుకుని నేటికీ అక్కడ ఏమీ మోయనివాళ్లూ ఉన్నారు. ఒకే భవనంలో ఒక కుటుంబం పిల్లబండి తోసుకుంటూ బయల్దేరుతుంది, పక్క వాటాలోవాళ్లు బయల్దేరరు.

గుమ్మం కొలతలు

హీబ్రూలో టెఫహ్ అంటే మన బెత్తెడు, అమ్మా అంటే మన మూర. ఆరు బెత్తెలు ఒక మూర. బెత్తెడు ఎంతన్నదాని మీద రెండు లెక్కలున్నాయి: 8 సెంటీమీటర్లని ఒకటి, 9.6 సెంటీమీటర్లని మరొకటి. కట్టేవాళ్లు రెంటినీ జాగ్రత్తగా వాడతారు. ఎత్తు ఎంతుండాలో చూసేటప్పుడు పెద్ద బెత్తె, సందు ఎంతవరకు ఉండొచ్చో చూసేటప్పుడు చిన్న బెత్తె. అప్పుడు ఏ లెక్క ప్రకారం చూసినా తప్పు పట్టడానికి ఉండదు.

నిలువుకమ్మిని లెహీ అంటారు. అది కనీసం 10 బెత్తెల ఎత్తుండాలి. అమెరికాలో 40 అంగుళాలు పెట్టుకుంటే అందరికీ సరిపోతుంది. దాని అడుగు నేలకు తాకకపోయినా ఫర్వాలేదు గాని, మధ్య ఖాళీ 3 బెత్తెలకు లోపే, అంటే 24 సెంటీమీటర్లకు తక్కువే ఉండాలి. పై తీగ దానికి తగలనక్కర్లేదు, పది మీటర్ల ఎత్తున పోతున్నా చెల్లుతుంది. ఒక్కటే ఖచ్చితమైన షరతు: లెహీ సరిగ్గా తీగ కిందే ఉండాలి. ఏ ఇంటి గుమ్మమైనా పైకమ్మి నిలువుకమ్ముల నెత్తిన కూర్చుంటుంది, పక్కన వేలాడదు. పక్కన వేలాడితే అది గుమ్మం కాదు.

కరెంటు స్తంభాన్నే నిలువుకమ్మిగా లెక్కించలేకపోవడానికి కారణం ఇదే. స్తంభానికి టెలిఫోను తీగను, కేబులు తీగను నెత్తిన కాదు, పక్క కొక్కేనికి బిగిస్తారు. కాబట్టి ఎరూవ్ కట్టేవాళ్లు అన్నిటికంటే కిందున్న తీగను ఎంచుకుని, స్తంభం ఏ వైపున ఆ తీగ ఉందో ఆ వైపు కిందికి దారంతో గుండు వదిలినట్టు గురి చూసి, అక్కడ ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. ఇప్పుడు లేజర్ పరికరం వాడేవాళ్లూ ఉన్నారు. నాలుగు వేళ్ల తేడా వచ్చినా పట్టీ వృథా.

తీగే అక్కర్లేని చోట్లూ చాలా ఉంటాయి. హైవే పక్క శబ్దం ఆపే గోడ, రైలు పట్టాల వెంబడి ఇనుప కంచె, వరసగా అంటుకుని ఉన్న భవనాలు, నదిగట్టు రాతికట్టడం, నాలుగు మూరల నడకలో పది బెత్తెలు ఎగబాకే ఏటవాలు మట్టిదిబ్బ, ఇవన్నీ గోడలే. గోడకు మధ్యలో 10 మూరల దాకా, సుమారు 4.8 మీటర్ల దాకా, సందు ఉన్నా అది గుమ్మం కింద లెక్క, గోడ భాగం సందుల కంటే ఎక్కువ ఉంటే చాలు. అంతకు మించిన సందుకు తీగతో గుమ్మం కట్టాలి. అందుకే కొత్త ఎరూవ్‌కు మొదటి పని కాగితం మీద గీత గీయడం కాదు, ఆ దారంతా నడవడం. ఎరూవ్ శాస్త్రంలో ఆరితేరిన రబ్బీ ఒకరు, ఆ ఊరి పెద్ద ఒకరు కలిసి రోజుల తరబడి నడుస్తారు. ప్రతి కంచె అడుగునా చూస్తారు, ప్రతి స్తంభం దగ్గరా మెడ పైకెత్తి చూస్తారు. స్మశానం, పెద్ద చెరువు, పంటభూమి తగిలితే చుట్టు తిప్పి బయట పెడతారు. మనుషుల నివాసానికి పనికిరాని విశాలమైన చోటు లోపలుంటే మిగతా ఎరూవ్‌కే చేటు కావచ్చు.

ఉన్న స్తంభాలు కలిసిరాని చోట సొంత స్తంభాలు పాతాలి. ఇజ్రాయెల్‌లో ఇదే మామూలు పద్ధతి, సన్నటి ఇనుప స్తంభాల నెత్తిన దారం లాగుతారు, ఖర్చు స్థానిక మత మండలి చూసుకుంటుంది. మాన్‌హట్టన్‌లో వీధిదీపాల స్తంభాల మధ్య గట్టి గాలపు దారం కట్టారు, మామూలు చూపుకు ఆనదు.

అద్దె, రొట్టె

చుట్టు కట్టగానే పని అయిపోదు. ఆ వాకిలి లోపల వేరువేరు ఇళ్లున్నాయి. వాటన్నిటినీ ఒక్క ఇంటి కింద కలపాలి. ఎరూవ్ అన్న మాటకే అర్థం కలపడం. కలపడానికి సాధనం తిండి. అందరి తరఫునా ఒకచోట రొట్టె పెడతారు, అందరూ ఒక్క పంక్తివాళ్లే అని దాని అర్థం. 18 మందికి మించిన సమూహానికి రెండు పూటల భోజనమంత ఉంటే చాలు, ఊళ్లో ఎన్ని వేలమంది ఉన్నా అంతే. ప్రార్థనాలయంలో ఒక డబ్బాలో పులియని మత్సా రొట్టెలు పెడతారు, ఏడాది దాకా చెడవు కనుక. పెట్టే మనిషి అవి తన సొత్తుగా ఉంచేసుకుంటే కుదరదు. మరొకరు ఊరందరి పక్షాన వాటిని చేతిలోకి తీసుకుని ఒక బెత్తెడు పైకెత్తాలి. అప్పుడే అవి అందరివీ అవుతాయి. తర్వాత ఆశీర్వచనం, అరామిక్ భాషలో ఒక ప్రకటన: ఈ రొట్టె వల్ల ఇల్లిల్లూ తిరిగి మోసుకోవడానికి మాకు అనుమతి కలుగుగాక అని. ఇక్కడ తప్పు జరిగేది మతిమరుపు వల్లే. డబ్బా బూజు పట్టిపోతుంది, లేదా పస్కా పండుగ ముందు అలమరలు శుభ్రం చేస్తూ ఎవరో తెలియక పారేస్తారు.

మరి ఆ చుట్టు లోపల ఉండే యూదులు కానివాళ్ల ఇళ్ల సంగతి? వాళ్ల దగ్గర అద్దెకు తీసుకోవాలని తల్మూద్ చెప్పింది. తలుపు తలుపూ తట్టలేరు. అవసరం పడితే ఇళ్లలోకి ప్రవేశించే అధికారం ఉన్న పాలకుడి దగ్గర అందరి తరఫునా తీసుకోవచ్చన్నారు తర్వాతి పండితులు. ఈ కాలంలో అది మేయరు, కౌంటీ అధికారి, లేదా పోలీసు అధిపతి. అద్దె ఒక డాలరు. ఒక కాగితం మీద గడువు రాసుకుని సంతకాలు చేస్తారు. ఈ అద్దె వల్ల ఎవరి ఇంటి మీదా ఎవరికీ ఏ హక్కూ రాదు, పక్కింటివాళ్ల జీవితంలో పూచికపుల్లంత మార్పూ ఉండదు. వాషింగ్టన్ ఎరూవ్‌కు 1990లో అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ గుర్తింపు లేఖ ఇచ్చారు. శ్వేతసౌధం కూడా ఆ చుట్టు లోపలే ఉంది.

శుక్రవారం లోపు

ఎరూవ్ కట్టడం కంటే నిలబెట్టడమే కష్టం. ఒక్కచోట తెగితే ఆ ఒక్క వీధే కాదు, మొత్తం చుట్టే చెల్లదు. అందుకే వారం వారం, గురువారమో శుక్రవారం ఉదయమో, శిక్షణ ఉన్న మనిషి మొత్తం దారి తిరిగి చూస్తాడు. కొంత కారులో, కారు పోలేని చోట కాలినడకన.

అతను వెతికేది తెగిన తీగ ఒక్కటే కాదు. తెగిన తీగ ఎవరికైనా కనబడుతుంది. ఎక్కువ చేటు చేసేది తెగకుండా జరిగిన తీగ. న్యూజెర్సీలో చాలాచోట్ల కరెంటు కంపెనీ పాత స్తంభం పక్కనే కొత్తది పాతి తీగలు దాని మీదికి మారుస్తుంది, పాత మొద్దు నెలల తరబడి అలాగే ఉంటుంది. పట్టీ మాత్రం ఆ మొద్దుకే ఉంటుంది, దాని పైన ఇప్పుడు తీగ లేదు. దూరం నుంచి అంతా సవ్యంగానే కనబడుతుంది. ఫైబరు కేబులు వేసే కూలీలు పాత తీగను స్తంభానికి అటు పక్క నుంచి ఇటు పక్కకు మార్చినా ఇంతే. తీగ ఉంది, పట్టీ ఉంది, గుమ్మం మాత్రం లేదు. మంచు తోసే బండి కొట్టుకుని పట్టీ కింది భాగం విరిగిపోతుంది, నేల నుంచి ఖాళీ 3 బెత్తెలు దాటుతుంది. వానకు కంచె కింద మట్టి కొట్టుకుపోయినా అదే లోపం. ఎవరో తమ పెరడు పెంచుకుని ప్రహరీ కట్టి స్తంభాన్ని లోపలికి తీసుకుంటే, తీగకూ వీధికీ మధ్య గోడ అడ్డొస్తుంది. అలాంటి గుమ్మాన్ని చాలామంది రబ్బీలు ఒప్పుకోరు. అపార్టుమెంట్లు కట్టేవాడు మట్టిదిబ్బ చదును చేస్తే గోడగా లెక్కలో ఉన్నది రాత్రికి రాత్రి మాయమవుతుంది.

2012 అక్టోబరు చివర్లో శాండీ తుపాను న్యూయార్క్, న్యూజెర్సీ తీరాన్ని కొట్టినప్పుడు కరెంటు స్తంభాలతో పాటు ఎరూవ్‌లూ పడిపోయాయి. కరెంటు వచ్చిన తర్వాత గాని తీగలు రావు, తీగలు వచ్చిన తర్వాత గాని పట్టీలు సరిచూడలేరు. మామూలు రోజుల్లో కూడా ఈ పనికి డబ్బు కావాలి: తనిఖీ చేసే మనిషికి జీతం, మరమ్మతుకు పొడవు చెయ్యి ఉన్న లారీ, రబ్బీకి రుసుము, బీమా. మాన్‌హట్టన్ ఎరూవ్‌కు ఏటా లక్ష డాలర్లు దాటుతుందని పత్రికల్లో వచ్చింది. ఈ సొమ్మంతా విరాళాలే. లోపల ఉండి వాడుకుంటూ ఒక్క డాలరూ ఇవ్వనివాళ్లు ఎక్కువేనని ప్రతి ఊళ్లోనూ కమిటీలవాళ్ల బాధ. ఆ బాధలో న్యాయం ఉంది. తీగ కంటికి ఆనదు కనుక దానికి ఖర్చవుతుందన్న ఆలోచన రాదు.

అడ్డు చెప్పేవాళ్లు

కరెంటు కంపెనీ ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోని సందర్భాలు చాలా ఉన్నాయి. న్యూజెర్సీలోని టెనఫ్లై పట్టణం స్తంభాల మీద ఏదీ అంటించకూడదన్న పాత నిబంధన చూపి పట్టీలు తీసేయమంది. విషయం ఫెడరల్ అప్పీళ్ల కోర్టుకు వెళ్లింది. అదే స్తంభాల మీద ఇంటి నంబర్ల పలకలు, తప్పిపోయిన పెంపుడు జంతువుల ప్రకటనలు, చర్చికి దారి చూపే గుర్తులు ఏళ్ల తరబడి ఉన్నా పట్టణం పట్టించుకోలేదని, ఒక్క ఎరూవ్ మీదే నిబంధన ప్రయోగించిందని 2002లో కోర్టు తేల్చింది. 2017లో మావా పట్టణంలో మళ్లీ అదే గొడవ. ఈసారి న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వమే పట్టణం మీద దావా వేసింది, 2018లో రాజీ కుదిరింది. మాంట్రియల్ శివారు ఊట్రెమాన్‌లో ఊరి అధికారులు తీగలు తీయించేస్తే 2001లో క్యుబెక్ కోర్టు వాటిని ఉండనిచ్చింది. లండన్ వాయవ్య భాగంలో 11 మైళ్ల చుట్టు పదేళ్లకు పైగా నలిగి 2003లో అమల్లోకి వచ్చింది.

ఈ గొడవల్లో ప్లాస్టిక్ పట్టీ అందం గురించి మాట్లాడతారు గాని, భయం మాత్రం వేరే ఉంటుంది: ఎరూవ్ వస్తే ఆచారపరులైన యూదులు ఎక్కువగా వచ్చి ఇళ్లు కొంటారని, ఊరి స్వరూపం మారుతుందని. వాళ్లు రావడం నిజమే కావచ్చు. ఫలానా మతంవాళ్లు వస్తారని ఒక సదుపాయాన్ని ఆపడం వివక్షే, దాన్ని స్తంభాల నిబంధన చాటున దాచినా. వలస వచ్చి గుడి కట్టుకోవడానికి ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చే జోనింగ్ బోర్డుల ముందు నిలబడ్డవాళ్లకు ఈ వాదనల వరస కొత్తగా అనిపించదు.

వ్యతిరేకత యూదుల లోపలి నుంచీ వస్తుంది. మతం పట్టించుకోని యూదులు కొందరు, తాము వదిలి వచ్చిన కంచె మళ్లీ తమ చుట్టూ లేచినట్టు బాధపడతారు. లండన్‌లో ఈ మాట గట్టిగా వినబడింది. మరోవైపు మరీ నిష్ఠాపరులు, పెద్ద నగరంలో ఏ తీగా చెల్లదని పట్టుబడతారు. బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో లుబావిచ్ అనే నిష్ఠాపర యూదు సంప్రదాయంవాళ్లలో ఎక్కువమంది ఎరూవ్‌ను ఒప్పుకోరు. 2016లో అక్కడ కొత్తగా కట్టినదాన్ని ఎవరో తెంచారు.

ఎరూవ్ ఉన్నా అన్నీ మోయొచ్చని కాదు. ఫోను, పర్సు, పెన్ను షబ్బాత్ నాడు ముట్టుకోనే కూడదు, లోపలైనా బయటైనా. గొడుగు తెరవడం డేరా వేసినట్టే కనుక వాన పడుతున్నా పట్టుకోరు. అనుమతి దొరికేది పిల్లబండికి, ప్రార్థన శాలువాకు, తాళంచెవికి, మందులకు, పక్కింటికి తీసుకెళ్లే వంటకానికి.

శుక్రవారం మధ్యాహ్నం అందరి ఫోన్లకూ సందేశం వస్తుంది: ఎరూవ్ నిలిచి ఉంది, లేదా ఈ వారం లేదు. లేదని వస్తే సూర్యాస్తమయానికి మిగిలిన రెండు మూడు గంటల్లో ఇంట్లో పనుల వరసే మారిపోతుంది. ప్రార్థన శాలువా ముందే వెళ్లి ప్రార్థనాలయంలో పెట్టి వస్తారు. శనివారం భోజనానికి పిలిచినవాళ్ల ఇంటికి వంటకం ఇప్పుడే చేరవేస్తారు. తాళంచెవిని నడుం పట్టీకి కొక్కెంలా బిగిస్తారు, చెవి తీస్తే పట్టీ ఊడిపోయేట్టు. అప్పుడది మోసే వస్తువు కాక కట్టుకున్న పట్టీలో భాగం అవుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం రేపు ఎవరు ముందు వెళ్లి రావాలి, ఎవరు ఉండిపోవాలి అన్నది తల్లిదండ్రులు మాట్లాడుకుంటారు.